రెండు కాగితాల సందు

మంగళవారం ఉదయం సెరంగూన్ పళ్ల క్లినిక్ నుంచి ల్యాబుకి వచ్చిన సంచిని సుమలత కత్తెరతో తెరిచి, లోపలి అచ్చుని దీపం కింద పెట్టింది. కింది దవడది. ఊదా రంగు రబ్బరులో చిగుళ్ల గీతలన్నీ పడ్డాయి. పళ్ల గుర్తులు లేవు. పళ్లు ఉండాల్సిన చోట నాలుగు పిన్నుల కొసలు కనిపిస్తున్నాయి. పేషెంటు దవడ ఎముకలో నాలుగు ఇంప్లాంట్లు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక పిన్ను బిగించి, పైన రబ్బరు నింపిన ట్రే అదిమి అచ్చు తీశారు. ఆ పిన్నులు ఉన్న చోటే తర్వాత కొత్త పళ్ల వరస కూర్చోవాలి.

సంచిలో డాక్టర్ సియా రాసిన చీటీ ఉంది. స్కాన్ కూడా పంపాను, రెండూ పోల్చి చూడండి, పేషెంటు శుక్రవారం పదకొండింటికి వస్తారు. అంతే.

సియా రెండు నెలల కిందట స్కానర్ కొన్నాడు. పెన్ను లాంటి కెమెరాని నోట్లో తిప్పితే బొమ్మ స్క్రీన్ మీదకి వస్తుంది. ట్రే అక్కర్లేదు, రబ్బరు గొంతులోకి జారుతుందన్న భయం అక్కర్లేదు. అప్పటినుంచి ఒక్క పన్ను కేసులన్నీ స్కాన్‌లోనే పంపుతున్నాడు. ముప్ఫై దాటాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. మొత్తం దవడ కేసు స్కాన్‌లో రావడం ఇదే మొదలు.

ఆ స్కాన్ అవతలి గదిలో, డిజైన్లు గీసే బాబ్జీ కంప్యూటర్‌లో ఉంది. అచ్చు ఇవతల ప్లాస్టర్ గదిలో సుమలత చేతిలో ఉంది.

ఇంప్లాంట్‌కి నకలుగా ఉండే చిన్న లోహపు ముక్కని అనలాగ్ అంటారు. అచ్చులోని ప్రతి పిన్నుకీ ఒకటి తగిలించి, వెనక నుంచి స్క్రూ బిగించాలి. బిగించేటప్పుడు అనలాగ్‌ని పటకారుతో కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే స్క్రూతో పాటు పిన్ను కూడా రబ్బరులో తిరగొచ్చు. సుమలత రెండు బిగించింది. మూడోది తగిలించింది.

"సుమా, ఒక్క నిమిషం," అంటూ ల్యాబు ఓనరు లియోంగ్ కొలత టేపు పట్టుకుని వచ్చాడు. "ఈ కొస గోడకి ఆనించి పట్టుకో."

ఆమె పటకారు కిటికీ గట్టు మీద పెట్టి, టేపు కొస పట్టుకుంది. లియోంగ్ వెనక్కి నడిచి తలుపు దాకా కొలిచాడు.

"మూడు మీటర్ల ఇరవై. ఇంకో మిల్లింగ్ మెషిన్ పడుతుంది. ఈ కేసు స్కాన్ సరిపోతే ఇంక ప్లాస్టర్ ఎందుకు లా? నో నీడ్ దిస్ రూమ్," అన్నాడు, ఇక్కడివాళ్లందరి ఊతపదం 'లా'తో సహా.

"మరి నేను?" అంది సుమలత.

"చూద్దాం. నీ వర్క్ పాస్ ఎప్పటిదాకా?"

"వచ్చే నెల పద్దెనిమిది."

"చూద్దాం," అని మళ్లీ అన్నాడు. టేపు వదిలేయమన్నాడు. అది గీసుకుంటూ వెళ్లి డబ్బాలో పడింది. అతను వెళ్లలేదు. ఇంకో గోడ చూస్తూ నిలబడ్డాడు.

సుమలత కుర్చీలో కూర్చుని మూడో స్క్రూ తిప్పింది. బిగుసుకునే ముందు వేళ్ల కింద ఏదో తిరిగింది. వెంట్రుకవాసి. చెయ్యి ఆపి చూసుకుంది. ఎడమ చేతిలో పటకారు లేదు. అది గట్టు మీదే ఉంది.

భూతద్దం కిందకి లాగి చూసింది. పిన్ను చుట్టూ రబ్బరు ఎక్కడా చిరగలేదు. కదిలి ఉన్నా రబ్బరు మీద తెలియదు. ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పని ఒకటే. అచ్చు పక్కన పెట్టి, క్లినిక్‌కి ఫోన్ చేసి, మళ్లీ తీయమనడం. లియోంగ్ కిటికీ కొలుస్తున్నాడు.

ఆమె నాలుగోది పటకారుతో పట్టుకుని బిగించింది. వంద గ్రాముల ప్లాస్టర్ పొడి, ఇరవై మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి, గాలి లేకుండా మిక్సర్‌లో ముప్ఫై సెకన్లు తిప్పి, అచ్చులో ఒక పక్క నుంచి కొద్దికొద్దిగా పోసింది. పోశాక చేతులు కడుక్కుంది. కడుక్కున్నాక మళ్లీ కడుక్కుంది.

*

స్కాన్ బొమ్మ ఆధారంగా బాబ్జీ గీసిన టైటానియం బార్‌ని మెషిన్ బుధవారం పొద్దుటికి చెక్కి ఉంచింది. గుర్రపు లాడం ఆకారం, నాలుగు రంధ్రాలు. పళ్లు దీని మీదే కడతారు. బాబ్జీ దాన్ని అరచేతిలో పెట్టుకుని ప్లాస్టర్ గదికి తెచ్చాడు. కాకినాడ మనిషి, ముప్ఫై మూడేళ్లు. సుమలతది ఏలూరు. రెండేళ్ల కిందట ఇతన్ని ఇక్కడికి సిఫారసు చేసింది ఆమే.

"అక్కా, పెళ్లికూతుర్ని తెచ్చాను. మీ పీటలు రెడీయా?"

"రెడీ. కూర్చోబెట్టు."

"మీరే పెట్టండి. నా చేతులు వణుకుతున్నాయి. పొద్దున్నుంచి మూడు కాఫీలయ్యాయి."

లియోంగ్ కూడా వచ్చి నిలబడ్డాడు. సుమలత బార్‌ని ప్లాస్టర్ దవడ మీద పెట్టింది. కుడి చివర స్క్రూ ఒక్కటే బిగించాలి, మిగతా మూడూ వదిలేయాలి. బార్ సరిగ్గా ఉంటే ఎడమ చివర ఉన్నచోటే ఉంటుంది. లేకపోతే లేస్తుంది. ఆమె బిగించింది.

ఎడమ చివర లేచింది.

సుమలత పళ్ల కాటు చూసే నీలి కాగితం ఒకటి తీసి సందులో దూర్చింది. దూరింది. దాని మీద ఇంకోటి పెట్టింది. అదీ దూరింది. మూడోది దూరలేదు.

"రెండు," అంది.

రెండు కాగితాల ఎత్తు కంటికి ఆనదు. కానీ నాలుగు స్క్రూలూ బలవంతంగా బిగిస్తే ఆ సందు మూసుకుని, ఆ లాగుడంతా ఎముక మీద పడుతుంది. స్క్రూ విరగొచ్చు. ఇంప్లాంటే వదులు కావొచ్చు. అది ఈ నెలలో తెలియదు, ఏడాదికో రెండేళ్లకో తెలుస్తుంది.

"ఏది తప్పు?" అన్నాడు లియోంగ్. "ప్లాస్టరా, స్కానా?"

బాబ్జీ సుమలత వైపు చూశాడు. సుమలత మూడో అనలాగ్ వైపు చూస్తోంది. చెప్పడానికి నోరు తెరిచింది. నీలి కాగితాన్ని మడతపెట్టింది.

"అడగడమెందుకు?" అన్నాడు లియోంగ్. "పదకొండేళ్లలో సుమ మోడల్ ఒక్కటీ తిరిగి రాలేదు. బాబ్జీ, వేరే క్లినిక్‌లవి కలిపితే ఇది నీకు ఈ ఏడాది మూడోసారి. మెషిన్ కాదు, సాఫ్ట్‌వేర్ కాదు, నువ్వే. ఇంకొక్కసారి ఇలా అయితే యూ గో హోమ్. అండర్‌స్టాండ్?"

"ఎస్ బాస్."

"మనిషికి తెలియకపోతే పక్కవాళ్లని అడగాలి. నోరు లేదా నీకు?"

"సారీ బాస్."

అవతలి గదిలోంచి ఇద్దరు తలలెత్తి చూసి దించుకున్నారు. బాబ్జీ చెవులు ఎర్రబడ్డాయి. బార్‌ని మోడల్ మీద నుంచి విప్పబోయి స్క్రూ కింద పడేశాడు. మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద వెతికాడు. సుమలత కూడా వంగింది. బల్ల కింద ఇద్దరి మొహాలూ ఎదురుపడ్డాయి.

"భువనకి ఏడో నెల అక్కా," అన్నాడు చిన్నగా, భార్య గురించి. "ఇప్పుడు పంపించేస్తే ఇంటికెళ్లి ఏం చెప్పను?"

స్క్రూ సుమలత వేలికి తగిలింది. తీసి అతని చేతిలో పెట్టింది.

*

సాయంత్రం ఆరున్నరకి వుడ్‌ల్యాండ్స్ ఫ్లాట్‌లో ఆమె అన్నం వార్చి, కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ నుంచి తెచ్చిన చేప ముక్కలు ప్లేట్లలో పెట్టింది. వీళ్లు అద్దెకి ఉండేది ఒక గది. భర్త ఏసుబాబు ఏలూరులో మందుల షాపు నడుపుతాడు. కూతురు రుచిత ఆమె పాస్ మీదే ఇక్కడ చదువుతోంది. అక్టోబరులో ఓ-లెవెల్, మన పదో తరగతి లాంటి పరీక్షలు.

"మా, టీచర్ ఆస్కింగ్ ఫర్ యువర్ పాస్ కాపీ," అంది రుచిత ఫోన్ లోంచి తలెత్తకుండా. "రెన్యూ అయిందా?"

"అవుతుంది."

"వెన్?"

"అవుతుందన్నాను కదే."

"ఓకే లా, వై సో యాంగ్రీ?" రుచిత ఇప్పుడు తలెత్తింది. "నువ్వు తినట్లేదు."

"ముల్లు ఉంది."

"ఇది ఫిలే మా. ముల్లు ఉండదు."

సుమలత ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. నిన్న ఆ స్క్రూ తిరిగింది ఆ రెంటి మధ్యే. చెబితే ప్లాస్టర్ తప్పు, స్కాన్ ఒప్పు. గది పోతుంది, గదితో ఉద్యోగం, ఉద్యోగంతో పాస్, పాస్‌తో పిల్ల చదువు. చెప్పకపోతే బాబ్జీ పోతాడు. తన మోడల్ నమ్మి సియా కొత్త బార్ అడుగుతాడు. ఆ బార్ ఎవరో ఒకరి ఎముకని లాగుతూ ఉంటుంది. ఆ మనిషి ఎవరో ఆమెకి తెలియదు. చీటీ మీద నంబరు మాత్రమే ఉంది.

ఏసుబాబు వీడియో కాల్ చేశాడు. ఆమె ఫోన్ కూతురికిచ్చి గిన్నెలు కడగడానికి లేచింది.

*

గురువారం తొమ్మిదింటికి సుమలత లియోంగ్ గది తలుపు తట్టింది. లోపల బాబ్జీ ఉన్నాడు. ప్లాస్టర్ మోడల్‌ని బల్ల మీద స్కాన్ చేసి, దాని ప్రకారం కొత్త బార్ చెక్కమని లియోంగ్ అతనికి చెబుతున్నాడు.

"బాస్, ఆ బార్ చెక్కొద్దు," అంది సుమలత.

ఇంగ్లీషులో ముందే మాటలు కూర్చుకుంది. బస్సులో నాలుగుసార్లు చెప్పుకుంది. ఇక్కడ అన్నీ తలకిందులయ్యాయి. పటకారు గురించి ముందు చెప్పింది, తర్వాత టేపు గురించి, తర్వాత స్క్రూ గురించి. చివరికి, "మూడో పిన్ను నా చేతిలో తిరిగిందనుకుంటాను. తప్పు నా మోడల్‌ది," అంది.

లియోంగ్ పెన్ను బల్ల మీద పెట్టాడు.

"మంగళవారం జరిగింది. ఈరోజు గురువారం."

"ఎస్ బాస్."

"నిన్న ఇతన్ని అంతమందిలో తిట్టాను. నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు."

ఆమె తలదించుకుంది. బాబ్జీ వైపు చూడలేకపోయింది. చూసి ఉంటే అతను బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుని ఉండటం కనిపించేది.

"సరే," అన్నాడు లియోంగ్. "అయితే స్కాన్ రైట్. రేపు ఇద్దరూ బాబ్జీ బార్ తీసుకెళ్లండి, డాక్టర్ పేషెంటు నోట్లో పెట్టి చూస్తాడు. నువ్వు నీ మోడల్ తీసుకెళ్లి డాక్టర్‌కి నువ్వే చెప్పు." కొంచెం ఆగి అన్నాడు. "నెలాఖరుకి ఆ గది ఖాళీ చేద్దాం. నీ పాస్ పేపర్లు... నేనేం ప్రామిస్ చెయ్యలేను, సుమా."

బయటికొచ్చాక బాబ్జీ ఆమె వెనకే నడిచాడు.

"అక్కా," అన్నాడు.

"ఏం?"

"ఏం లేదక్కా. థాంక్స్."

*

పేషెంటు పేరు వీరాస్వామి. సెంబవాంగ్ షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై ఒకటి. కుర్చీలో పడుకుని, మెడ చుట్టూ కాగితం కట్టించుకుని, తలుపులోంచి వచ్చిన సుమలత మెడలో వేలాడే కార్డుని చదివాడు.

"సుమలత. తెలుగామ్మా?"

"అవునంకుల్."

"నా పళ్లు చేసేది నువ్వేనా? ఏడు నెలలైందమ్మా గట్టిది కొరికి. అన్నీ గంజి, గంజి. మా మనవరాలికి నా మకాన్, నా తిండి చూస్తే నవ్వు. తాతకీ బేబీకీ ఒకే తిండి అంటుంది."

సుమలత నవ్వడానికి ప్రయత్నించింది. డాక్టర్ సియాకి చెప్పాల్సింది కారిడార్‌లోనే చెప్పేసింది. అతను విని, "ముందు చూద్దాం," అని మాత్రం అన్నాడు. బాబ్జీ లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని మూలన స్టూలు మీద కూర్చున్నాడు.

సియా బార్‌ని వీరాస్వామి నోట్లో పెట్టాడు. కుడి చివర స్క్రూ మొదలుపెట్టి మెల్లగా బిగించాడు. నర్సు లైటు ఎడమవైపు తిప్పింది. సుమలత కుర్చీకి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. అక్కడి నుంచి లోపల ఏమీ కనిపించదు. ఆమె సియా కనుబొమ్మలు చూస్తోంది.

కనుబొమ్మలు దగ్గరయ్యాయి.

"కాగితం," అన్నాడు. నర్సు ఇచ్చింది. ఎడమవైపు దూర్చాడు. "ఇంకోటి."

అదీ దూర్చాడు. మూడోది అడిగాడు. మూడోది మడత పడి బయటికొచ్చింది.

"స్క్రూ బిగిస్తే లాగుతోందా అంకుల్?" అని అడిగాడు. వీరాస్వామి నోరు తెరిచే తల ఊపాడు.

సియా బార్ విప్పి, కడిగి, సుమలత తెచ్చిన మోడల్ మీద పెట్టాడు. అదే కుడి చివర బిగించాడు. అదే ఎడమ చివర లేచింది. అవే కాగితాలు తీసుకున్నాడు. ఒకటి, రెండు. మూడోది దూరలేదు.

మోడల్‌ని పైకెత్తి కిటికీ వెలుగులో ఒకసారి తిప్పాడు.

"నోరూ ఇదీ ఒకటే," అన్నాడు. "నీ మోడల్ కరెక్ట్. బార్ తప్పు."

సుమలతకి అర్థం కాలేదు. "కానీ డాక్టర్, పిన్ను తిరిగింది. నా చేతికి తెలిసింది."

"ఏం తిరిగిందట?" అన్నాడు వీరాస్వామి కాగితంతో మూతి తుడుచుకుంటూ. ఆమె తెలుగులో రెండు మాటల్లో చెప్పింది. ముసలాయన చెయ్యి ఊపాడు.

"ఎలా తిరుగుద్దమ్మా? ఆ రోజు ఈయన ఆ నాలుగు మేకులకీ ఎర్రటి జిగురేదో చుక్కచుక్కగా పెట్టి, ఒకదానికొకటి కట్టేశాడు. యార్డులో మేం రాడ్లు వెల్డింగ్ చేసినట్టే. అది ఎండేదాకా అరగంట నోరు తెరిచి ఉంచాను. దవడ రెండు రోజులు సాకిత్, ఒకటే నొప్పి."

సుమలత సియా వైపు తిరిగింది. "మీరు పిన్నులన్నీ కలిపి కట్టారా?"

"రెజిన్ జిగురుతోనా? పెద్ద కేసులకి ఎప్పుడూ కడతాను. చీటీలో రాయలేదా?"

రాయలేదు. ఆ రెజిన్ రబ్బరు లోపల ఉండిపోయింది. కింద నుంచి చూసినవాళ్లకి పిన్నుల కొసలే కనిపిస్తాయి. నాలుగూ కలిపి కట్టి ఉంటే ఒక్క పిన్ను తిరగడానికి వీల్లేదు. ఆ రోజు ఆమె వేళ్ల మధ్య తిరిగింది అనలాగే, పిన్ను మీద సర్దుకుని కూర్చుంది. క్లినిక్‌కి ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే మంగళవారమే తెలిసేది. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారని అడగలేదు.

ఆమె మోడల్‌ని డబ్బాలో పెట్టింది. మూత రెండుసార్లు తప్పింది.

"స్కాన్ ఎక్కడ తప్పిందో చూస్తాను," అన్నాడు సియా. "ఒక్క పన్నుకి బాధలేదు, పక్క పళ్లు కెమెరాకి ఆనవాలు ఇస్తాయి. ఇలా ఒట్టి చిగుళ్లే అయితే అంతా నున్నగా, తడిగా ఉంటుంది, కెమెరా దారి తప్పుతుంది. మొత్తం దవడలకి ఇంకొన్నాళ్లు ప్లాస్టరే పంపుతాను. లియోంగ్‌కి ఫోన్ చేస్తాను."

మూలన బాబ్జీ లాప్‌టాప్ సంచి జిప్పు తెరిచి, మళ్లీ మూశాడు.

*

వుడ్‌ల్యాండ్స్ వెళ్లడానికి బిషాన్‌లో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక బాబ్జీ నోరు తెరిచాడు.

"అక్కా, నేను చూశాను."

"ఏం చూశావు?"

"స్కాన్‌లో ఎడమ నుంచి రెండో ఇంప్లాంట్ పోస్టు. దానికి అంచులు రెండున్నాయి. కెమెరా రెండుసార్లు తిరిగినట్టుంది. రెండోసారి కొంచెం పక్కన పడింది. పసుపు రంగు వార్నింగ్ వచ్చింది." అతను పట్టాల వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "ఏది అసలుదో నాకు తెలియలేదు. నున్నగా ఉన్నది ఉంచి, రెండోది చెరిపేశాను."

"మళ్లీ స్కాన్ అడగాల్సింది."

"అడిగితే స్కాన్ బాగాలేదని అన్నట్టే కదక్కా. కొత్త మెషిన్ కోసం బాస్ టేపు పట్టుకుని మీ గదిలో ఉన్నాడప్పుడు."

సుమలత మోడల్ డబ్బాని ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మంగళవారం సరే," అంది తర్వాత. "నిన్న? నేను తప్పు నాదని చెబుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు కదా బాబ్జీ."

"నోరు రాలేదు. మీరంత గట్టిగా చెబుతుంటే నిజంగా మీదేనేమో అనుకున్నాను." ఆగాడు. "అనుకోవాలనుకున్నాను."

ఆమె ఫోన్ మోగింది. లియోంగ్.

"సుమా, డాక్టర్ చెప్పాడు. గది ఉంటుంది. నీ పేపర్లు సోమవారం సంతకం పెడతాను, ఓకే?" గొంతులో కోపం లేదు, ఆనందమూ లేదు. "బట్ నీ చెయ్యి నీకే తెలియకపోతే ఎలా? నీది కాని తప్పు నీదన్నావు."

"సారీ బాస్."

ఆమె పక్కనున్న స్తంభానికి చెయ్యి ఆనించింది. సోమవారం. రుచిత టీచర్‌కి కాపీ ఇవ్వొచ్చు.

"ఇంకొక మాట," అన్నాడు లియోంగ్. "సియా తన దగ్గరున్న ఒరిజినల్ స్కాన్ తెరిచి చూశాడట. ఒక పోస్టు మసగ్గా ఉందట. అంచులు రెండున్నాయట. మన ఫైల్లో ఒక్కటే ఉంది. ఎందుకలా? బాబ్జీ నీకేమన్నా చెప్పాడా?"

ఫోన్ గట్టిగానే వినిపిస్తోంది. బాబ్జీ ఆమె ముందుకి వచ్చి నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. రెండు చేతులూ జోడించాడు. వెనక నిలబడ్డ చైనీస్ ముసలావిడ ఒకసారి చూసి పక్కకి జరిగింది.

"సుమా? హలో?"

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్లు వాళ్లిద్దరి పక్కల నుంచి దిగారు. ఎక్కేవాళ్లు ఎక్కారు.

"బాబ్జీ ఇక్కడే ఉన్నాడు బాస్," అంది సుమలత. "తను మాట్లాడతాడు."

ఫోన్ చాచి పట్టుకుంది. అతను తీసుకోలేదు. ఆమె చెయ్యి దించలేదు. రైలు తలుపులు మూసుకున్నాయి, రైలు కదిలింది, ఫోన్‌లో లియోంగ్ హలో హలో అంటూనే ఉన్నాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆమె అలాగే పట్టుకుని ఉంది.

"నిన్న నాకూ కాళ్లాడలేదు బాబ్జీ," అంది. "చెప్పు."

బాబ్జీ అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.

"బాస్," అన్నాడు. "ఆ రెండో అంచు..."